నసీమా ఆపా ఆపిన లైను

మొన్న శుక్రవారం ఉదయం మంచిర్యాలలో నసీమా ఆపా కన్నుమూసింది. చెన్నూరులో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి ఆమె బిడ్డ అఫ్రీన్ ఫోన్ చేసింది. "అక్కా, అమ్మీ పోయింది" అన్నది. ఆ మాట విన్నాక తరగతిని ఎవరికి అప్పగించానో, బస్సు ఎప్పుడు ఎక్కానో నాకిప్పటికీ జ్ఞాపకం రావడం లేదు. దిగ్భ్రాంతి అన్న పదానికి ఇన్నేళ్లుగా పిల్లలకు అర్థం రాయిస్తున్నాను. దాని అర్థం నాకు ఆ బస్సులో తెలిసింది. దారి పొడవునా కన్నీళ్లు మాత్రం రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం అట్లాగే ఉంది.

"సంస్మరణ అంటే శాంతంగా రాయాలమ్మా" అని మా కాలేజీలో ఒక పెద్దాయన హితవు చెప్పాడు. "ఆమెను శాంతంగా బతకనిచ్చింది ఎవరు సార్?" అని అడిగాను. ఆయన తన కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నసీమా బేగం అంటే ఈ జిల్లాలో చాలామందికి తెలియదు. తెలిసి ఉండవలసింది. రైల్వే స్టేషన్ దగ్గరి సందులో ఆమె భర్త యాకూబ్ భాయికి రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. పెళ్లయిన కొత్తలో భర్తకు చాయ్ పట్టుకపోయి, పక్కన కూర్చుని, చూసి చూసి లోపలి తీగలను అతికే టంకం పెట్టడం నేర్చుకున్నది. ఆయన గుండెపోటుతో హఠాత్తుగా పోయాక దుకాణాన్ని తానే నడిపింది. "ఆడమనిషి టీవీ ఏం బాగుజేస్తది" అని గడప ముందే వెనుదిరిగినవాళ్లు, నాలుగు చోట్ల తిరిగి, చివరికి ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆ తర్వాత గోడకు తగిలించే పలచటి టీవీల కాలం వచ్చింది. చెడిపోతే బాగుచేసుకునే అలవాటే పోయింది. దుకాణం మూసేసి, ఊరి పొలిమేరలో ఎమర్జెన్సీ లైట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. దాని యజమానిని అక్కడ అందరూ పిలిచినట్టే సేటు అంటాను.

నాది సుల్తానాబాద్ దగ్గరి వ్యవసాయ కుటుంబం. తెలుగు ఎం.ఏ. చదివి, ఉపాధ్యాయ కొలువు రాక, అదే కంపెనీలో కాగితాల పనికి కుదిరాను. కొనుగోళ్ల దస్త్రాలు, ధ్రువపత్రాలు, ఉత్తరాలు నా బాధ్యత. నేను చేరేనాటికే ఆపా లైన్ సూపర్‌వైజర్. పొడవాటి బల్లకు రెండు వైపులా కూర్చుని బోర్డులకు టంకం పెట్టే ఆడవాళ్లందరూ ఆమె అజమాయిషీలో ఉండేవారు. వాళ్ల చేతి పనినే కాదు, వాళ్ల చేతులను కూడా తన బాధ్యతగా భావించిన మనిషి ఆమె.

ఆ రోజుల్లో వాడే టంకంలో సగానికి దగ్గరగా సీసమే. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆపా కుళాయి పక్కన సబ్బుతో నిలబడేది. టిఫిన్ డబ్బా మూత తీయాలంటే ముందు ఆమెకు అరచేతులు చూపించాలి. గోళ్ల సందుల్లో నలుపు కనిపిస్తే మళ్లీ వెనక్కి పంపేది. స్వరూప అని, చంటిబిడ్డ తల్లి, కొత్తగా చేరింది. ఒకసారి ఆకలికి తాళలేక తొందరపడి డబ్బా తెరిచింది. ఆపా ఆ డబ్బాను చటుక్కున లాగేసుకున్నది.

"గీ చేతులతోని తింటవా? తిని ఇంటికి పోయి గీ చేతులతోనే పోరిని ఎత్తుకుంటవా? సీసం కడుపుల కూసుంటే చిన్న పోరగాండ్ల బుద్ధి మందమైతదట. యాకూబ్ సాబ్ చెప్పేటోడు. పో, ఇంకోపారి కడుక్కో."

స్వరూప ఏడ్చుకుంటూ కడుక్కుని వచ్చింది. ఆపా తన డబ్బాలోని కుబానీ మీఠా అనే తీపి తీసి ఆమె మూతలో పెట్టింది.

తర్వాత నగరంలోని ఒక పెద్ద వ్యాపార సంస్థ మా లైట్ల మీద తన పేరు వేసి అమ్ముకోవడానికి ముందుకు వచ్చింది. వాళ్లు మొదట అడిగింది నియమాల గురించే. మన దేశపు ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇట్లాంటి పరికరాల్లో సీసం, పాదరసం, కాడ్మియం, ఒక రకం క్రోమియం, ప్లాస్టిక్కు మంట అంటుకోకుండా కలిపే రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు హద్దు దాటి ఉండకూడదు. సీసానికి హద్దు బరువులో వెయ్యింట ఒక వంతు. కాడ్మియానికి పదివేలలో ఒక వంతు. ఆ హద్దు కూడా లైటు మొత్తం బరువుకు కాదు. అందులోని ఒక్కొక్క పదార్థానికి, ఆ చిన్న టంకపు చుక్కకు కూడా, విడివిడిగా వర్తిస్తుంది. మా సరుకు ఆ హద్దుకు లోబడి ఉందని తయారుచేసినవాళ్లే ప్రకటించాలి. దానికి ఆధారంగా ప్రతి భాగానికీ అమ్మినవాళ్ల ధ్రువపత్రం, పరీక్షా నివేదిక దస్త్రంలో ఉంచాలి. ఆ దస్త్రాన్ని తయారుచేసింది నేను. మొదటి నెలల్లో అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

సీసం లేని టంకంతో పని కష్టం. దానికి ఎక్కువ వేడి కావాలి. టంకం కరిగించే కడ్డీ మొన తొందరగా అరుగుతుంది. చుక్క నిగనిగలాడదు, మసకగా ఉంటుంది. పని వచ్చిన ఆడవాళ్లు కూడా తమ చేతికి ఏమైందోనని కంగారుపడ్డారు. ఆపా ఒక్కొక్కరి వెనుక నిలబడి, వాళ్ల చేతి మీద తన చేయి వేసి నేర్పింది. "మెరుస్తలేదని ఫికర్ జేయకు. అంటుకున్నదా లేదా గది సూడు. మెరుపుతోని మనకేం పని?" అనేది. రెండు వారాల్లో లైను గాడిన పడింది. ఆ రోజుల్లో ఆమె ముఖంలో ఒక ప్రసన్నత ఉండేది. ఒక మధ్యాహ్నం సబ్బు పెట్టెను కుళాయి గట్టు మీద వదిలేసి, "ఇగ నా పహరా బంద్. సీసమే లేనప్పుడు గంత పరేషాన్ ఎందుకు? నీళ్లతోని కడుక్కున్నా సాలు" అని అందరితోనూ చెప్పింది. ఆమె అట్లా చెప్పడానికి ఆధారం సేటు మాట, నా దస్త్రం.

సేటు టంకపు తీగ రీళ్లు కొనే చోటు ఎప్పుడు మార్చాడో నాకు తెలుసు. కొత్త అమ్మకందారు ధ్రువపత్రం పాతదానికి నకలులా ఉంది. పైన పేరు మాత్రం తర్వాత అతికించినట్టు వేరే అచ్చు అక్షరాల్లో ఉంది. చూశాను. అనుమానించాను. అనుమానిస్తూనే దస్త్రంలో కుట్టాను.

ఆపా మాత్రం మొదటి వారంలోనే పట్టుకున్నది. "సుజాతా, జర ఇటు రా బిడ్డా. గిది సూడు" అని నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. భూతద్దం కింద బోర్డు మీది చుక్కలు అద్దపు తునకల్లా తళతళలాడుతున్నాయి.

"మంచిగనే ఉన్నది కదా ఆపా."

"గంత మంచిగ ఉండదే. గిది నేను ఇరవై ఏండ్లు పట్టిన టంకం. నాకు ఎరుక లేదా?"

రీలు మీద సీసం లేదనే అచ్చువేసి ఉంది. ఆమె సేటును పిలిపించింది. ఆయన వచ్చి బోర్డు వైపు చూడకుండానే నవ్వాడు. "నీ కండ్లల్ల ల్యాబు ఉన్నదా ఆపా?"

ఆపా కడ్డీ చేతికి తీసుకున్నది. కడ్డీ వేడిని రెండు వందల డిగ్రీల దగ్గర నిలిపింది. సొరుగు అడుగున మిగిలిన పాత రీలు నుంచి ఒక తీగ ముక్క తీసి మొనకు ఆనించింది. అది కరగలేదు. కొత్త రీలు తీగను ఆనించింది. ముట్టగానే కరిగి బొట్టుగా జారింది. సీసం కలిసిన టంకం ఆ వేడికే కరుగుతుంది, కలవనిది కరగదు. నేను చదువుకున్న ఏ తరగతిలోనూ ఇంత నిర్మలమైన నిరూపణ చూడలేదు. లైనంతా పని ఆపి చూస్తోంది.

"లోపలికి రా ఆపా, మాట్లాడుకుందాం" అన్నాడు సేటు.

"గీడనే మాట్లాడుండ్రి. చేతులు వీళ్లయే కదా."

"అందరు జేసేదే మనం జేస్తున్నం. లైటు ఇప్పి టంకం ఎవడు సూస్తడు?"

"ఎవ్వడు సూడకుంటే ఉన్న సీసం లేకుంట పోతదా?" అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న ఆమె గొంతు ఒక్కసారిగా పెరిగింది. "లేదంటిరి. నేను నమ్మితిని. నమ్మి వీళ్లకు సబ్బు అక్కెర లేదని చెప్పితిని. స్వరూప గీ చేతులతోనే అన్నం తిన్నది, గీ చేతులతోనే పోరికి పాలిచ్చింది. నా నోటితోని ఝూట్ చెప్పిచ్చిండ్రు సేటూ మీరు!"

అని, గోడ దగ్గరికి వెళ్లి లైను మెయిన్ స్విచ్ దించేసింది. అన్ని కడ్డీలూ ఒకేసారి ఆరిపోయాయి. ఆ సాయంత్రం వరకూ ఎవరూ దాన్ని ఎత్తలేదు. సబ్బు పెట్టెను వెతికి తెచ్చి, ఆడవాళ్లందరి చేతులనూ మోచేతుల దాకా ఆమే కడిగించింది. కడిగిస్తున్నంత సేపూ "మాఫ్ చేయుండ్రి, మాఫ్ చేయుండ్రి" అంటూనే ఉంది. క్షమాపణ చెప్పవలసిన మనిషి లోపల గదిలో ఫోన్ మాట్లాడుకుంటున్నాడు.

మర్నాడు సేటు మెత్తబడ్డాడు. "నీ చేతి పని సక్కదనం వేరే ఆపా. పరీక్షకు పంపే పది లైట్లు నువ్వే జెయ్యి, పాత రీలుతోని. మిగిలిన ముచ్చట నాకిడిసిపెట్టు" అన్నాడు. ఆ క్షణంలో నేను పక్కనే ఉన్నాను. ఆపా ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "గా పది లైట్లు ఎవలింటికి పోతయి సేటూ? మిగిలినయి ఎవలింటికి పోతయి?" అని అడిగింది. ఆయన ముఖం తిప్పుకుని గదిలోకి వెళ్లిపోయాడు. ఆ పది లైట్లను వేరెవరి చేతనో చేయించి, లైనును మళ్లీ ఆ కొత్త రీళ్లతోనే నడిపించాడు. పరీక్షా నివేదిక నిర్దుష్టంగా వచ్చింది. దాన్నీ నేనే దస్త్రంలో పెట్టాను.

ఆపా కాలుష్యం సంగతి చూసే ప్రభుత్వ కార్యాలయానికి ఫిర్యాదు చేయాలనుకున్నది. నా దగ్గరికి వచ్చింది. "నువ్వు తెలుగు సదివినదానివి. నాలుగు ముక్కలు సక్కగ రాసియ్యి బిడ్డా" అన్నది. మా బాపు అప్పుడు కరీంనగర్ ఆసుపత్రిలో ఉన్నాడు. "నా నౌకరి పోతది ఆపా" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "సరే తియ్యి. నేనే రాస్త" అన్నది. ఉర్దూ బడిలో చదివిన చేయి అది. తెలుగు ఒత్తులు, దీర్ఘాలు తారుమారయ్యేవి. అట్లాగే కష్టపడి రెండు పేజీలు రాసింది. కొత్త రీలు నుంచి మూరెడు తీగ కత్తిరించి, చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కాగితానికి పిన్ను కొట్టి పంపింది. ఆ రెండు పేజీల ముందు నా ఎం.ఏ. పట్టా ఎందుకు పనికొస్తుందో నన్ను ఎవరైనా అడగాలి.

కొన్నాళ్లకు ఆ ఫిర్యాదు పట్టుకుని ఒక అధికారి వచ్చాడు. లైను దాకా రాలేదు. ఆఫీసు గదిలో కూర్చుని చాయ్ తాగుతూ నా దస్త్రం తిరగేశాడు. ఆపా కడ్డీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"సార్, రెండు నిమిషాలు లైనుకాడికి రాండ్రి. కరిగిచ్చి సూపిస్త."

"అవన్నీ ల్యాబులో చూసేవమ్మా."

"అయితే ల్యాబుకే తీస్కపోండ్రి సార్. గా కవరుల తీగ ఉన్నది."

ఆయన కవరును తాకలేదు. దస్త్రం మూసి, నా వైపు తిరిగి, "ఫైలు చాలా పద్ధతిగా ఉంచారమ్మా" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు నేను తలవంచి నమస్కారం పెట్టాను. సిగ్గుతో ఈ వాక్యం రాస్తున్నాను. ఆ దస్త్రం పద్ధతిగా ఉండకపోతే ఆ మనిషి లేచి లైను దాకా నడిచేవాడేమో.

మర్నాడే ఆపాను రావద్దన్నారు. చిన్న భాగాలు పట్టుకోవడానికి యాకూబ్ భాయి వాడిన పాత చిమటా ఒక్కటి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. లైనులో ఎవరూ తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒక నెల తర్వాత కూరగాయల మార్కెట్లో ఆమె కనబడితే వంకాయల గంప వెనుక నిలబడ్డాను.

"సుజాతా! మొఖం దాసుకుంటున్నవేంది?"

"మాఫ్ చెయ్యి ఆపా."

"గా సారు నీ ఫైలు మెచ్చుకున్నడు కదా" అన్నది, నా సంచిలో రెండు నిమ్మకాయలు వేస్తూ. "మంచిగ రాస్తవే నువ్వు. గదే నా పరేషాన్."

ఆ మాటలో ద్వేషం లేదు. ఉంటే ఇంత కాలం నన్ను కోసేది కాదు.

కథ అక్కడ ముగిసినా నా కోపం ఇంతగా ఉండేది కాదు. కొన్ని నెలలకు నగరంలోని ఆ సంస్థ, తన పేరుతో అమ్ముతున్న లైటును ఒక దుకాణం నుంచి తానే కొని పరీక్ష చేయించింది. టంకంలో సీసం హద్దును ఎన్నో రెట్లు మించి ఉంది. అట్లా దొరికిన సరుకును మార్కెట్టు నుంచి వెనక్కి తీసుకోవాలన్నది నియమం. లారీల్లో పెట్టెలు తిరిగి వచ్చాయి. సేటు నన్ను పిలిచి ఆ సంస్థకు పంపే సంజాయిషీ ఉత్తరం చెప్పడం మొదలుపెట్టాడు. నేను టైపు చేస్తున్నాను. "మా పూర్వపు లైన్ సూపర్‌వైజర్ నసీమా బేగం మాకు తెలియకుండా నిషిద్ధమైన టంకమును వాడినందున..." నా వేళ్లు ఆగిపోయాయి.

"ఇది అబద్ధం సార్."

"నాకు ఎరుక లేదా? ఆమె ఇప్పుడు గీడ పని జేస్తలేదు కదా. ఆమెకేం నష్టం?"

ఆమెకేం నష్టం! ఎన్నో గ్రంథాల్లో క్రౌర్యాన్ని గురించి చదివాను. అది ఇంత మామూలు గొంతుతో, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ మాట్లాడుతుందని ఎవరూ చెప్పలేదు. లేచి బయటికి వచ్చాను. మళ్లీ వెళ్లలేదు. దాన్ని ధైర్యమని ఎవరూ అనవద్దు. నేను లేస్తే ఇంకొకరు కూర్చుని ఆ ఉత్తరాన్ని పూర్తిచేశారు. అది వెళ్లింది. అవతలివాళ్లు నమ్మారు, లేదా నమ్మడం సౌకర్యంగా ఉండి నమ్మారు. ఆమెను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

ఆ సాయంత్రమే వెళ్లి ఆపాకు చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి తన చేతుల వైపు చూసుకున్నది. తర్వాత, "యాకూబ్ సాబ్ పోయినంక గీ చేతులతోని ఎవ్వలకు తప్పుడు పని జేసియ్యలే" అన్నది. ఆమె కన్నీళ్లు చూడడం నాకు అదే మొదలు, అదే చివర. మర్నాటి నుంచి లైటు పెట్టె మీద ఉన్న ఆ నగరపు సంస్థ నంబరుకు ఫోన్ చేస్తూ వచ్చింది. ప్రతిసారీ ఒక కొత్త గొంతు "మీ ఫిర్యాదు నమోదైంది" అనేది. పట్టణంలోని ఇంకో చిన్న కంపెనీకి పనికోసం వెళితే, "సీసం కలిపిన ఆమె నువ్వేనా?" అని అడిగి పంపించారు. చివరి రెండేళ్లు ఇంటి కిటికీ దగ్గర చిన్న బల్ల వేసుకుని మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేసింది. ఆ బల్ల మీదా సీసం లేని టంకమే వాడింది. పక్కనే సబ్బు ఉంచుకున్నది.

ఆమెను సీసమే చంపిందని రాస్తే చదివేవాళ్లకు నా కోపం సులువుగా అర్థమవుతుంది. కానీ పరీక్షించని మాటను ఆపా ఒప్పుకునేది కాదు. డాక్టరు రక్తపోటు అన్నాడు, మెదడులో నరం చిట్లిందన్నాడు. ఆమె రక్తంలో సీసం ఎంత ఉందో ఎవరూ చూడలేదు. స్వరూపకూ చూడలేదు. స్వరూప బిడ్డకూ చూడలేదు. ఇన్ని ధ్రువపత్రాలు అడిగిన లోకంలో ఆ బల్ల దగ్గర కూర్చున్న ఒక్క మనిషి నెత్తురును పరీక్షించాలని ఎవరికీ తోచలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్లు జనాజాను భుజాల మీద ఖననానికి తీసుకుని వెళ్లారు. ఇంట్లో ఆడవాళ్లం మిగిలాం. లైనులోని వాళ్లు చాలామంది వచ్చారు. సెలవు ఇవ్వకపోయినా వచ్చారు. అప్పుడు సందు చివర కారు ఆగింది. సేటు దిగాడు. చేతుల మీద సమాధిపై కప్పే ఖరీదైన గులాబీల చాదర్. గుమ్మం దాకా వచ్చి, "ఆపా మా కుటుంబ సభ్యురాలు. ఆమె లేని లోటు తీరదు" అన్నాడు. అఫ్రీన్ లేచి గడపలో నిలబడింది. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న పిల్ల. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"సార్, అమ్మీ మీద రాసిన లెటర్ తప్పని ఇంకో లెటర్ పంపిండ్రా?"

"ఇప్పుడా ముచ్చట్లు ఎందుకు బిడ్డా? ఇది టైము కాదు."

"మరి ఎప్పుడు సార్? అమ్మీ ఉన్నప్పుడు కాలే. ఇప్పుడు కాదు. ఎప్పుడు?"

సేటు మా వైపు చూశాడు, ఎవరైనా సర్దిచెబుతారని. స్వరూప లేచి వెళ్లి అఫ్రీన్ పక్కన నిలబడింది. ఇప్పటికీ ఆమె జీతం ఆయన దగ్గరే. అయినా నిలబడింది. ఆ తర్వాత ఇంకొకరు లేచారు. నేను లేచాను. ఈసారి ఆలస్యం చేయలేదు.

"గా లెటర్ రాసుకొని రాండ్రి సార్. గప్పుడు పూలు తీస్కుంటం" అన్నది అఫ్రీన్.

ఆయన పూల చాదర్‌తోనే తిరిగి వెళ్లాడు. ఇది రాసేనాటికి ఆ ఉత్తరం రాలేదు.

ఆపా, నీకు నివాళి రాయమంటే నీ మీద పడిన నిందను ముందుగా కడగవలసి వచ్చింది. నువ్వు నిషిద్ధమైన టంకం వాడలేదు. సేటు వాడిస్తుంటే లైను ఆపావు. ఈ మాట నువ్వు బతికుండగా, నువ్వు అడిగిన రోజున, నాలుగు ముక్కలు సక్కగ రాసి ఇవ్వవలసినదాన్ని. మంచిర్యాలలో ఒక చుక్కను చూసి ఇది అబద్ధమని చెప్పగలిగిన కళ్లు మూతపడ్డాయి. నువ్వు చెబుతుంటే తల దించుకున్న మేమందరం ఇంకా ఉన్నాం.